చెవిబిరడా

ఏకాంబరానికి రెండు చెవులూ పోయాయని పక్కింటి వరదమ్మ అన్నదట. పోయి చాలా కాలమైందనీ, వేలూరు తీసుకుపోయి చెవిలో మిషను పెట్టించుకొచ్చారనీ, ఆయన పెళ్ళాం జ్ఞానాంబ దాన్ని రేడియో అని చెప్పి ఇళ్ళ వరసంతా నమ్మిస్తున్నదనీ అన్నదట. ఈ మాట వరదమ్మ జ్ఞానాంబ ముఖాన అనలేదు. బోరింగు దగ్గర తిరుమలమ్మతో అన్నది. తిరుమలమ్మ దాన్ని నీళ్ళబిందెతోపాటు చంకనెత్తుకుని, తన గడప ముందర ఆగకుండా వచ్చి, జ్ఞానాంబ వాకిట్లో దించింది.

"నేనైతే నమ్మలేదు వదినా," అంది తిరుమలమ్మ, బిందె కింద పెట్టి కొంగుతో మెడ తుడుచుకుంటూ. "ఆయన కోర్టులో పనిచేసేటాయన కదా, చెవుడుంటే పెట్టుకుంటారా అని అడిగినాను. దానికి ఆ యమ్మ ఏమనిందో తెలుసునా? ఆయన పని అరిసేదే గానీ ఇనేది కాదు గదా అనింది. అరిసేదానికి గొంతుంటే సాలు, చెవులెందుకు అనింది."

జ్ఞానాంబకు ఒళ్ళు మండింది. "చెవుడా? ఆయనకా? వంటింట్లో నేను అప్పడం దాచుకుని తింటే ముందరింట్లో ఉండి నాకేదని అడుగుతాడు. ఆయనకు చెవుడని ఎవురికి చెప్తాది?"

"అదే నేనూ అన్నాను."

"అని?"

"అని వచ్చేసినాను. ఎండ కొడతా ఉంటే ఇంకేం చేసేది."

తిరుమలమ్మ బిందె ఎత్తుకుని పోయింది. జ్ఞానాంబ చీపురు పట్టుకుని అట్లాగే నిలబడింది. మంట వరదమ్మ మీదా, ఆ మాట అనే సందు ఇచ్చిన మొగుడి మీదా అనేది ఆమెకే తేలలేదు. వెనక్కి తిరిగి చూస్తే ఏకాంబరం పడక కుర్చీలో వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, కుడిచెవిలోంచి ఒక తెల్లటి తీగ పొట్టమీదికి వేలాడేసుకుని, కాలిబొటనవేలితో తాళం వేస్తున్నాడు. వాకిట్లో తన పరువు బిందెకెత్తి దించిపోయినా ఆయనకు తెలియదు.

చిత్తూరు సంతపేటలో ఉన్న ఆ లైనిళ్ళ సంగతి కాస్త చెప్పుకోవాలి. ఒకే పెంకుల కప్పు కింద బారుగా ఇళ్ళు. ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఉంది గానీ అది కప్పు దాకా పోదు. కట్టించినాయన ఇటుకలు చాలకనో, గాలి ఆడాలనో, మనిషి ఎత్తు దాటినాక ఇంకాస్త లేపి ఆపేశాడు. ఒక ఇంట్లో తాలింపు పెడితే పక్కింట్లో తుమ్ముతారు. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటే, మూడో ఇంటివాళ్ళు తమ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే తీర్పు చెప్తారు. అట్లాంటి చోట రేడియో అనేది ఒక ఇంటిది ఎట్లా అవుతుంది?

ఆ రేడియో తెచ్చింది జ్ఞానాంబ తమ్ముడు దొరస్వామి. తిరుపతిలో, అలిపిరి పోయే దారిలో అతనికి బొమ్మల అంగడి ఉంది. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటేడు, సరుకుకని మద్రాసు పోయి వస్తూ, తోలు చొక్కా తొడిగిన చిన్న ట్రాన్సిస్టరు ఒకటి అక్క చేతిలో పెట్టాడు. "పొద్దంతా చింతపండు కొడతా కూచుంటావు గదక్కా. ఇది పెట్టుకుని ఇనుకుంటా కొట్టు," అన్నాడు. ఆ మాట వరసలో అందరూ విన్నారు. వినకుండా ఎట్లా ఉంటారు, ఆ గోడలతో?

చింతపండు కాలంలో మండీవాళ్ళు బస్తాలకు బస్తాలు ఇళ్ళకు పంపుతారు. పెంకు రాలగొట్టి, ఈనె తీసి, గింజ తీసి, మళ్ళీ బస్తాకెత్తి ఇవ్వాలి. ఆడవాళ్ళందరూ జ్ఞానాంబ పంచలో చేరేవాళ్ళు. రేడియో కిటికీలో కూచునేది. కడప వస్తే కడప, మద్రాసు వస్తే మద్రాసు, గాలి బాగుంటే సిలోను. పాట ఊపు ఎక్కితే సుత్తి దెబ్బలు ఊపు ఎక్కేవి. ఆదివారం మధ్యాహ్నం నాటకం వేళకు మాత్రం సుత్తులు ఆగిపోయేవి. గింజలు గోళ్ళతోనే తీసేవాళ్ళు, చప్పుడు కాకుండా. వరదమ్మ అయితే ఏడవాల్సిన చోటు రాకముందే ముక్కు చీది సిద్ధంగా ఉండేది.

ఆ ట్రాన్సిస్టరు తోలుచొక్కా అడుగున చిన్న సంచి ఒకటి, దాంట్లో చుట్ట చుట్టిన తీగ ఒకటి ఉండేవి. తీగకు ఒక కొసన ఇనుప ముల్లు, ఇంకో కొసన చిక్కుడుగింజంత తెల్లటి గుబ్బ. ఇదేందని అడిగితే దొరస్వామి, "చెవిలో పెట్టుకుని ఇనేదక్కా. మనకెందుకులే," అన్నాడు. సీసా మూతికి పెట్టే బిరడా లాగుందని ఆడవాళ్ళు దానికి చెవిబిరడా అని పేరు పెట్టి నవ్వుకున్నారు. జ్ఞానాంబ దాన్ని పోపుల పెట్టెలో, ఎండుమిరపకాయల పక్కన పడేసి మరిచిపోయింది. కోర్టుకు వేసవి సెలవులిచ్చి ఏకాంబరం ఇంట్లో కూచున్నాక, ఒకనాడు ఆవాలు వెతుక్కుంటూ దాన్ని పట్టుకున్నాడు.

ఏకాంబరం జిల్లా కోర్టులో డవాలా బంట్రోతు. ఎర్రపట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, తలపాగా. జడ్జిగారు తలూపగానే వరండాలోకి వచ్చి, కక్షిదారు పేరు మూడుసార్లు పిలవాలి. ఆయన పిలిస్తే చింతచెట్ల కింద కునుకు తీసేవాళ్ళు లేచి నిలబడతారు. ఎదుటి రోడ్డు మీద టీ తాగేవాడు గ్లాసు వదిలేసి పరుగెత్తుకొస్తాడు. మూడో పిలుపుకీ రాకపోతే అంతే. రానివాడు లేనివాడి కింద లెక్క. తీర్పు వాడు లేకుండానే అయిపోతుంది. దానికి కోర్టు భాషలో ఎక్స్‌పార్టీ అని పేరు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పేటప్పుడు ఏకాంబరం మీసం దువ్వుకునేవాడు. "నా గొంతు దాటినాక ఇంక వాడికి ఏ దేవుడూ అడ్డం రాడు," అనేవాడు.

బిరడా చెవిలో పెట్టుకున్న తొలిరోజే ఆయన ఒక మాట అన్నాడు. "ఏడాదంతా ఊర్లో వాళ్ళనందరినీ నేను పిలిచినాను. ఇంగ ఈ సెలవుల్లో నన్నెవురూ పిలవకుండా ఉంటే సాలు."

ఆ బిరడాతో వచ్చిన చిక్కు ఏమంటే, ముల్లు రేడియోలో గుచ్చగానే పైకి వచ్చే శబ్దం ఆగిపోతుంది. ఉన్నదంతా తీగలోంచి పోయి ఒక్క చెవిలో పడుతుంది. అది మొదట తెలిసింది ఆదివారం నాటకంలోనే. పోయిన మొగుడు తిరిగొచ్చి వాకిట్లో నిలబడ్డాడు, లోపల పెళ్ళాం తలుపు తీయడానికి లేచింది, గొళ్ళెం చప్పుడైంది. అంతే. రేడియో మూగబోయింది. ఆడవాళ్ళు కరెంటు పోయిందేమో అనుకుని, ఆ వెంటనే అది బ్యాటరీ రేడియో కదా అనుకుని, కిటికీలోకి తొంగి చూశారు. ఏకాంబరం రేడియోను ఒళ్ళోకి తీసుకుని, బిరడా దోపుకుని, చిరునవ్వు నవ్వుతున్నాడు.

"అన్నా, ఆ యమ్మ తలుపు తీసిందా?" అని తిరుమలమ్మ అరిచింది. పలుకు లేదు. నాటకం అయినాక బిరడా పీకి, "అందరూ కలిసిపోయినార్లే," అన్నాడు. మరునాడు ఎదురువరసలో రేడియో ఉన్న ఆదిలక్ష్మమ్మ చెప్పింది, వచ్చినవాడు మొగుడే కాదని. కలిసిపోవడం కాదు కదా, ఆఖరికి ఎవరూ మిగల్లేదని. ఏకాంబరం నడుమనే నిద్రపోయాడు. నిద్రపోతూ కూడా బిరడా వదల్లేదు.

జ్ఞానాంబ అడిగింది. ఒకసారి కాదు. "అది నా తమ్ముడు నాకు తెచ్చింది. పదిమందిమి ఇనేదాన్ని నువ్వొక్కడివే చెవిలో పోసుకుంటే ఎట్లా?"

"నీకు తెలీదే. దీంట్లో ఇంటే ఆ సుఖమే వేరు. కిటికీలో పెడితే సగం పాట ఈదిలోకి పోతాది, సగం మీ సుత్తుల కింద నలిగిపోతాది. ఇదైతే ఒక్క సుక్క గూడా కింద పడదు. వీణ తీగ మీద గోరు తగిలేది గూడా తెలుస్తాది." ఆయన బిరడా పీకి, పంచెకొసతో తుడిచి, "పెట్టుకుని సూడు," అని ఇచ్చాడు.

ఆమె పెట్టుకున్నది. గింజంతే గదా అనుకుంటే లోపలికి పోనంటుంది. ఆమె చెవిసందు చిన్నది. తిప్పి తిప్పి నెడితే చురుక్కుమని దిగింది. మద్రాసు కచేరీ. తగరపు డబ్బాలో కందిరీగ చిక్కినట్టు గుయ్‌మని మొదలైంది. మృదంగం మృదంగంలా లేదు, ఎవరో సత్తుమూత మీద గోటితో కొడుతున్నట్టుంది. బరువైన శబ్దాలన్నీ ఎక్కడో జల్లెడలో ఆగిపోయి, పొట్టు ఒకటే చెవిలో రాలుతోంది. ఇదేనా నీ సుఖం అని పీకబోయింది.

అంతలో ఆ పాడే ఆమె చరణం ఎత్తుకోబోతూ ఊపిరి పీల్చింది. ఆ ఊపిరి జ్ఞానాంబకు వినిపించింది. కిటికీలో ఇన్ని నెలలు విన్నా, పాడే మనిషికి ఊపిరి ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. ఎవరో వచ్చి తన చెంప పక్కన కూచుని, నీకొక్కదానికే చెప్తున్నా అన్నట్టుంది. చెవి సలుపుతున్నా ఆ చరణం అయ్యేదాకా పీకలేదు.

పీకి ఆయన చేతిలో పెట్టినాక ఆమెకు అంతకుముందు కంటే ఎక్కువ కోపం వచ్చింది. బాగుండకపోతే పిచ్చి అని వదిలేయవచ్చు. ఇంత బాగుంటుందని తెలిసే కదా, తలుపు మూసుకుని ఒక్కడే తింటున్నాడు.

తినడమంటే నిజంగా తలుపు మూసుకునే. ఆడవాళ్ళు వచ్చి రేడియో అడుగుతారని వీధితలుపు గడియ వేయడం మొదలుపెట్టాడు. అన్నం దగ్గర కూడా బిరడా తీయడు. నమిలితే దవడ కదిలి అది ఊడి పడుతుంది. అందుకని వార్తలొచ్చేటప్పుడు ముద్ద బుగ్గన పెట్టుకుని ఊరుకుంటాడు. వంగితే తీగ చారులో మునుగుతుంది. ఆ తీగ నాలుకతో శుభ్రం చేసుకోవడం ఆమె కళ్ళారా చూసింది. కుడిపక్కకు తిరిగి పడుకోవడానికి లేదు, గుచ్చుకుంటుంది. ఎండకు చెవిలో చెమటపట్టి, ఒరుసుకుని, లోపల ఎర్రగా పుండైంది. కొబ్బరినూనె పూసుకున్నాడు. నూనెకు బిరడా జారిపోతుంటే దూది చుట్టాడు. దూదితో శబ్దం మందంగా వస్తుందని ఆ దూది పీకి, బయటి చప్పుడు పడకుండా ఎడమచెవిలో కుక్కి, బిరడా పుండు మీదే దోపుకున్నాడు. నొప్పి కదా అంటే, "అలవాటైపోతాదిలే," అన్నాడు. ఆమె కాలిలో ముల్లు తీయమంటే కళ్ళు కనపడవనే మనిషి!

అదీ సంగతి. ఆ పూట తిరుమలమ్మ బోరింగు నుంచి మోసుకొచ్చిన మాట జ్ఞానాంబ మొగుడి ముందర పెట్టింది. "నీకు చెవుడంట. బోరింగు కాడ అంటా ఉండారు."

ఏకాంబరం కళ్ళు తెరిచి, పెదవులు కదలడం చూసి, "కాఫీనా? తే," అన్నాడు.

ఆమె కాఫీ తేలేదు. ఈ మనిషితో మాట్లాడడం కంటే గోడతో మాట్లాడితే గోడ అవతల నుంచి ఎవరైనా బదులు చెప్తారు అనుకుని పనిలో పడింది. కొత్త చింతపండు ఉప్పేసి కుండకెత్తాలి. పాతకుండ అటక మీద ఉంది. పెరటి తలుపు కోతుల భయానికి ఎప్పుడూ గడియపెట్టే ఉంటుంది. వీధితలుపుకు ఆయన గడియ. నిచ్చెన వేసుకుని పైకెక్కింది. ఎక్కి, అటక మీద మోకాలు మోపి, రెండో కాలు లాగుకునేటప్పుడు పాదం తగిలి నిచ్చెన పక్కకు ఒరిగింది. గోడ వెంబడి మెల్లగా జారి, కింద పరిచిన గోనెపట్టల మీద మెత్తగా పడింది.

అటక మీద పెంకుల వేడి. వంగి కూచుంటే తప్ప తల పట్టదు. ముందుకు చూస్తే కింద ఏకాంబరం బట్టతల, దాని పక్కన తెల్లటి తీగ కనిపిస్తున్నాయి. పక్కకు చూస్తే గోడ అవతల వరదమ్మ ఇల్లు. వరదమ్మ చాప మీద కూచుని చేటలో బియ్యం ఏరుతోంది.

"ఇదిగో," అంది జ్ఞానాంబ, గొంతు పైకి లేపకుండా.

పలుకు లేదు.

"ఏమయ్యా! నిచ్చెన పడిపోయింది. ఇటు సూడు."

కాలిబొటనవేలు తాళం వేస్తూనే ఉంది.

"నిర్మలా వాళ్ళ నాయనా!" కూతురు పలమనేరులో కాపురం చేసుకుంటోంది. ఆ కూతురి పేరు పెట్టే జ్ఞానాంబ ఇన్నేళ్ళూ మొగుణ్ణి పిలిచింది. పెళ్ళయిన నాటి నుంచి ఆయన పేరు ఆమె నోట్లోంచి రాలేదు. కంచిలో అదే పేరున్న దేవుణ్ణి చెప్పాల్సి వచ్చినా 'కంచిస్వామి' అని దాటేసేది. ఇప్పుడూ పేరెత్తకుండా, అటక మీద పడున్న చింతకాయ పెంకులు ఏరి ఆయన మీదికి విసిరింది. ఒకటి భుజాన పడింది. బల్లి అనుకుని దులుపుకున్నాడు.

అటక మీద నుంచి దూకితే కాలు విరుగుతుంది. గట్టిగా అరిస్తే వరదమ్మ వింటుంది. రేపు బోరింగు దగ్గర, 'నేను చెప్పలా, చెవుడని!' అంటుంది. జ్ఞానాంబ ఆ వేడిలో పళ్ళు బిగబట్టి కాసేపు కూచుంది. చెమట కళ్ళలోకి దిగింది. గొంతు ఎండిపోయింది. కింద ఆయన "ఆహా!" అన్నాడు. ఎవరి పాటకో, ఎవరి ఊపిరికో. ఆ ఆహాతో ఆమెకు తల తిరిగిపోయింది.

మోకాళ్ళ మీద లేచి, పెంకులకు తల తగులుతున్నా లెక్కచేయకుండా, ఆయన కోర్టులో ఎట్లా పిలుస్తాడో, పండగలకు పిల్లల్ని నవ్వించడానికి ఇంట్లో ఎట్లా పిలిచి చూపిస్తాడో, సరిగ్గా ఆ రాగంలో ఎత్తుకుంది.

"ఏకాంబరం!"

వరదమ్మ చేతిలో చేట ఒరిగి బియ్యం చాపమీద పోయాయి.

"ఏ...కాంబరం!"

వరస పొడుగునా సుత్తి చప్పుళ్ళు ఆగిపోయాయి.

"ఏ...కాం...బరం!"

ఎక్కడో ఒక తలుపు తెరుచుకుంది. ఇంకొకటి తెరుచుకుంది. వీధిలో అడుగులు. వీధితలుపు మీద గుద్దులు, "అన్నా! అన్నా!" అని తిరుమలమ్మ కేకలు. తలుపు అదురుతోంది, గడియ అదురుతోంది. గడియకు మూరెడు దూరంలో ఏకాంబరం కళ్ళు మూసుకుని తల ఊపుతున్నాడు.

జ్ఞానాంబ ఆయన వైపు ఇంకొక్కసారి చూసింది. తరవాత గోడ వైపు తిరిగింది. "వరదమ్మక్కా, మీ నిచ్చెన ఇట్లా వెయ్యి," అంది.

వరదమ్మ నిచ్చెన తెచ్చి వేసింది. జ్ఞానాంబ చీర దోపుకుని, గోడ మీద కాలేసి, సొంత ఇంటి కప్పు కిందనే పక్కింట్లోకి దిగింది. దిగేసరికి ఆడవాళ్ళందరూ అక్కడికి చేరారు. మోచేయి దోక్కుపోయి నెత్తురు కారుతోంది. నీళ్ళు కావాలా అని ఎవరూ అడగలేదు. వరదమ్మ చెంపల మీద చేతులేసుకుని, "పేరు పెట్టి పిలిచేసినావే జ్ఞానాంబా!" అంది.

"పిలిచినా పలికినాడా?"

"పలికింది పలకంది అట్ల పెట్టు. మొగుడి పేరు! అదీ మూడుసార్లు! అదీ కోర్టులో దొంగోణ్ణి పిలిచినట్టు!"

సాయంత్రం కాఫీ వేళకు బ్యాటరీ నీరసించిందో, చెవే నీరసించిందో, ఏకాంబరం బిరడా పీకాడు. "ఏమే," అని పిలిచాడు. పలుకు లేదు. వంటింట్లో లేదు. పెరటి తలుపు గడియ వేసినట్టే ఉంది. వీధితలుపు గడియ తాను వేసినట్టే ఉంది. పెళ్ళాం లేదు. వీధిలోకి వచ్చి చూస్తే, వరదమ్మ తిన్నె మీద కూచుని ఆమె చింతగింజలు తీస్తోంది.

"ఎట్ల పోయినావు నువ్వు?" అన్నాడు, నోరు తెరిచి.

ఆమె ఇంకో గింజ తీసి పక్కన పడేసింది.

తెల్లారేసరికి మాట సంతపేటంతా తిరిగింది. ఎట్లా తిరిగింది? ఒక మనిషి చెవిలో గింజ పెట్టుకుని పెళ్ళాన్ని అటక మీద ఎండబెట్టాడని తిరగలేదు. తలుపు బద్దలవుతున్నా కదల్లేదని తిరగలేదు. జ్ఞానాంబ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిందంట అని తిరిగింది. గోడ దూకిందంట అని కూడా చేరింది. బోరింగు దగ్గర ఆమె వస్తుంటే మాటలు ఆగాయి. నిన్నటిదాకా చెవుడని నవ్వినవాళ్ళు ఇప్పుడు "పాపం ఆయన ముఖం ఎట్ల సూపించుకుంటాడు" అంటున్నారు. జ్ఞానాంబ బిందె నింపుకుంది. "ముఖం ఉండాది గదా, చెవులకే పని లేదు," అని ఎవరికీ కాకుండా అందరికీ చెప్పి వచ్చేసింది. వచ్చింది తన ఇంటికి కాదు. వరదమ్మ తిన్నె మీదికే. రేడియోకు ఆ తీగ ఊడేదాకా గడప తొక్కనని చెప్పింది.

ఏకాంబరం ఎవరిచేతనో కబురు పంపితే, దొరస్వామి మరునాటి మొదటి బస్సుకు తిరుపతి నుంచి దిగాడు. అక్క మోచేతికి కట్టిన గుడ్డ చూసి "అయ్యో" అన్నాడు. బావ ఇంట్లోకి పోయి చాలాసేపు మాట్లాడి బయటికొచ్చాడు. వరదమ్మ పంచలో చాప వేశారు. ఒకపక్క ఏకాంబరం, చెవిలో దూది. నడుమ దొరస్వామి. రేడియో అతని ఒళ్ళో. ఎదురుగా తిన్నె మీద జ్ఞానాంబ, వరదమ్మ, తిరుమలమ్మ. మిగతా వరసంతా గుమ్మాల్లో.

"సూడక్కా, ఇది చిన్న సంగతి," అని మొదలుపెట్టాడు దొరస్వామి. "బావ సెలవుల్లో కాస్త ఇనుకున్నాడు. అంతే గదా."

"అంతేనా?"

"ఇంత చిన్న గింజకు ఇంత రచ్చ దేనికి? ఏముండాదో నేనూ సూస్తా." అతను బిరడా తీసి, ఊది, చెవిలో పెట్టుకున్నాడు. ముల్లు గుచ్చి, చక్రం తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగాడు. కనుబొమలు పైకి లేచాయి. పెదవులు విడిపోయాయి. "బావా! ఏం బాగుండాది బావా! తంబురా లోపల కూచోబెట్టినట్టు!" అని అరిచాడు, చెవుల్లో శబ్దం ఉన్నవాళ్ళు అరిచినట్టు.

"నేను చెప్పలా," అన్నాడు ఏకాంబరం, ముఖం వెలిగిపోయి. "కొంచెం పైకి పెట్టు, నొక్కొద్దు. నొక్కితే గింగురుమంటాది."

"ఆఁ, ఇప్పుడు బాగుండాది."

"దొరా," అంది జ్ఞానాంబ.

దొరస్వామి తల ఊపుతున్నాడు.

"ఒరే దొరా!"

తిరుమలమ్మ కిసుక్కున నవ్వింది. వరదమ్మ నవ్వలేదు. తిన్నె దిగి పోయి, దొరస్వామి చెవిలోని తీగ పట్టుకుని ఒక్క లాగు లాగింది. "మీ అక్క పిలస్తా ఉండాది నాయనా," అంది. ముల్లు కూడా ఊడొచ్చి, రేడియో పైకి గొంతెత్తింది. పంచంతా తంబురా. దొరస్వామి ఉలిక్కిపడి చక్రం తిప్పి ఆపేశాడు. సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి పెద్దమనిషి గొంతు తెచ్చుకున్నాడు.

"అది సరే అక్కా. తీగ సంగతి తరవాత మాట్లాడుకుందాం. ముందు నువ్వు చేసింది తప్పా కాదా? మన ఇంటా వంటా లేదు గదా. బావను పేరు పెట్టి పిలుస్తారా? పదిమందిలో ఆయన తల యాడ పెట్టుకుంటాడు? తప్పైపోయిందని ఒక్క మాట అనేసి లోపలికి పో. బావ కూడా తగ్గతాడు."

"నేనేం తగ్గేది?" అన్నాడు ఏకాంబరం. మనిషి నిజంగానే నొచ్చుకున్నాడు. "నా పిలుపు అది. నా ఉద్యోగం. దాన్ని నా మీదికే తిప్పి, ముద్దాయిని పిలిచినట్టు పిలిచింది. నాకు ఇనపడలేదు దొరా, ఒట్టు. ఇనపడి ఉంటే పలకనా? ఇనపడనోడి మీద తప్పెట్ల పడతాది?"

గుమ్మాల్లో తలలు ఊగాయి. అవును గదా, వినపడలేదంటున్నాడు గదా. అందరూ జ్ఞానాంబ వైపు చూశారు. ఇక ఒక్క మాట అంటే అయిపోతుంది, కాఫీలు తాగి ఎవరిళ్ళకు వాళ్ళు పోవచ్చు అన్నట్టు చూశారు.

జ్ఞానాంబ ఒళ్ళోని చింతగింజలు చేటలోకి దులిపింది. మోచేతి గుడ్డ సర్దుకుంది. లేచి నిలబడింది.

"ఇనపడలేదంటే నువ్వు చెవిటోడివి. అట్లైతే ఈ వరదమ్మ చెప్పిందే నిజమని అందరి ముందర ఒప్పుకో, రేపట్నుంచి నీకు సైగలే చేస్తాను. చెవిటోణ్ణి కాదంటావా? మూడుసార్లు పిలిచినాను. పలకలేదు. మూడుసార్లు పిలిచినా పలకనోడు లేనోడి కిందే లెక్కని నాకు చెప్పింది నువ్వే. ఇంగ లేనోడితో నాకు రాజీ ఏంది?"